మోతీబాయి కాంట్రాక్టు, కాటారం ఆఖరి బస్సు

మా ఎర్రమట్టి తండా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒక చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఉందని చెబితే బయ్యారంలో కొత్తగా దిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. మాకు సగం గ్రౌండు ఉంది, రెండు బంతులున్నాయి, గోలుపోస్టులకు వలలు కూడా ఉన్నాయి. సగం గ్రౌండని ఎందుకన్నానంటే, జనవరి నుంచి మార్చి దాకా మిగతా సగం మిర్చి కల్లం. తండాలో ఏరిన కాయంతా అక్కడే ఎండుతుంది. ఆ మూడు నెలలూ మా పిల్లలు ఒకే వైపు ఆడతారు, బంతి అవతలికి పోతే తుమ్ముకుంటూ వెళ్ళి తెచ్చుకుంటారు.

నా పేరు సోమనర్సయ్య. తండా పక్కనే బయ్యారంలో ఉంటాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా చేసి ఆరేళ్ళ కింద రిటైరయ్యాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువే. ఆఫ్‌సైడంటే ఏమిటో ఇప్పటికీ ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. కానీ బస్సుల సంగతంటారా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఏ స్టాండులో ఏ బస్సు ఎన్నింటికో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అన్నాను, అది గమనించండి. ఈ కథలో నేనున్నది ఆ మాట వల్లనే.

కథ మాత్రం మోతీబాయిది.

మోతీబాయి కొత్తగూడ అడవిలో ఒక చిన్న తండాలో పుట్టింది. పెళ్ళయి ఎర్రమట్టి తండాకు వచ్చింది. భర్త భీమ్లా ట్రాక్టరు నడుపుతాడు. ఆయన నోరు తెరవడం నేను ఇరవై ఏళ్ళలో పదిసార్లు చూసుంటాను, అందులో ఆరుసార్లు ఆవులింతకే. ఆయన మాటలు కూడా కలిపి ఆమే మాట్లాడుతుంది. మిర్చి ఏరే కాలంలో మోతీబాయి కూలీల ముఠాకు మేస్త్రి. పొద్దున ఐదింటికే నలభై మంది ఆడవాళ్ళను లేపి, ట్రాలీ ఆటోల్లో ఎక్కించి, చేను చేర్చి, సాయంత్రం మళ్ళీ ఇంటికి చేర్చాలి. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి భుజం తట్టి వాళ్ళ భాషలో లెక్కపెడుతుంది, ఏక్, దీ, తీన్ అని. దిగేటప్పుడు మళ్ళీ తడుతుంది. పాతికేళ్ళలో ఒక్క మనిషిని చేనులో మరిచి రాలేదు.

క్లబ్బుకు ఆమె ఎలా వచ్చిందంటే, అంతకు ముందున్న మేనేజరు మా పిల్లల్ని జనగామ తీసుకెళ్ళి, మ్యాచ్ అయ్యాక తన బావమరిది ఇంటికి విందుకు పోయాడు. పిల్లలు తెల్లార్లూ జనగామ బస్‌స్టాండులో దోమలకు విందయ్యారు. మర్నాడు తల్లులంతా గ్రౌండు మీదికి వచ్చి, బంతిని బావిలో వేస్తామన్నారు. అప్పుడు అందరికీ మోతీబాయి గుర్తొచ్చింది. అధ్యక్ష పదవి మాత్రం ఖాళీ లేదు. దానికోసం ఇద్దరు పట్టుబడితే, గొడవెందుకని ఇద్దరినీ అధ్యక్షుల్ని చేశాం. ఇక పనిచేసే మనిషికి పేరేం పెట్టాలి? తహసీల్దారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే హరిలాల్ రెండు నిమిషాలు కలం కొరికి, 'చీఫ్ ఎగ్జిక్యూటివ్' అని రాశాడు. స్టాంపు కాగితం మీద, మూడేళ్ళకు కాంట్రాక్టు. జీతం లేదు. తిరుగుడు ఎక్కువ కాబట్టి ఏడాదికి రెండు జతల చెప్పులు క్లబ్బు కొనిపెట్టాలి. ఏడో షరతు తల్లులు దగ్గరుండి రాయించారు: బయటి ఊరికి తీసుకెళ్ళిన ప్రతి మనిషినీ ఆ రాత్రికే ఇల్లు చేర్చవలెను.

ఆమె వచ్చాక క్లబ్బు తీరే మారింది. నెట్లు వచ్చాయి, ఒకే రంగు జెర్సీలు వచ్చాయి. ప్రాక్టీసుకు రాని పిల్లవాడి ఇంటికి తెల్లవారుజామునే వెళ్ళి, తలుపు కొట్టకుండా మంచం ఎత్తేసేది. ఆడవాళ్ళకు బస్సు టికెట్ తీసేశాక మరీ పండగైంది. బయటి ఊళ్ళో మ్యాచ్ ఉందంటే మా అభిమానుల్లో సగానికి పైగా ఆడవాళ్ళే. సద్దులు కట్టుకుని, జాతరకు పోయినట్టు వస్తారు. మా ఆవిడ చిలుకమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఎక్కిన బస్సు ఎన్నడూ ఎక్కనిది, ఇప్పుడు నాకన్నా ముందే సీటు పట్టి కూర్చుంటోంది.

అంతా బాగుంది. పోయినేడు ఫిబ్రవరిలో కాటారం వచ్చిపడింది.

కాటారం టోర్నమెంటులో మావాళ్ళు ఫైనలుకు చేరారు. అవతల భూపాలపల్లి గనుల కాలనీ జట్టు. పొద్దున్నే మోతీబాయి నా దగ్గరికి వచ్చి, "కండక్టరన్నా, కాటారంల భూపాలపల్లికి ఆఖరి బస్సు ఎన్నిటికి?" అని అడిగింది.

"ఆరూ పది," అన్నాను. ఆలోచించనైనా లేదు. ఆ బస్సులో నేను నాలుగేళ్ళు తిరిగాను. భూపాలపల్లి చేరితే చాలు, అక్కడి నుంచి మా వైపుకు రాత్రి బస్సులుంటాయి.

మ్యాచ్ నాలుగింటికి మొదలైంది. మొదటి సగంలోనే దినేశ్ గోలు కొట్టాడు. దినేశ్ మా కెప్టెన్, మోతీబాయికి మేనల్లుడు. విరామంలో ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, ఆలస్యానికి క్షమించమని అరగంట మాట్లాడాడు. రెండో సగం సగంలో ఉండగా ఐదూ యాభై అయింది. ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉంది. కప్పు బల్ల మీద మెరుస్తోంది. అప్పుడు మోతీబాయి చెప్పులు చేతిలో పట్టుకుని, ఆట జరుగుతుండగానే మైదానం మధ్యకు నడిచింది.

"బస్సు పోతది. నడువుండ్రి," అంది.

రిఫరీ ఈల ఊదాడు. ఆమె అతని భుజం కూడా తట్టి లెక్కపెట్టబోయి, మనవాడు కాదని వదిలేసింది. పదకొండు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బయటికి వచ్చారు. మైదానం వదిలి వెళ్ళినందుకు కప్పు అవతలి జట్టుకు ఇచ్చేశారు. మేమంతా స్టాండుకు పరుగు.

బస్సు రాలేదు. ఆరున్నర అయింది, రాలేదు. మోతీబాయి ఒక్కతే రోడ్డు దాటి అరటిపళ్ళ బండి దగ్గరికి వెళ్ళి ఏదో అడిగి వచ్చింది. వచ్చి నా వైపు ఒకసారి చూసి, "లేటంట," అని అందరికీ చెప్పింది. ఏడూ పదికి బస్సు వచ్చింది. పిల్లలంతా వెనక సీట్లలో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను ముందు నిలబడి, నా పాత దర్పంతో కండక్టరును అడిగాను.

"ఇంత లేటేంది తమ్మీ?"

"లేటేడిది పెద్దాయినా? మూణ్నెల్ల సంది ఏడు పదికే తీస్తున్నం."

నా పక్కన మోతీబాయి తలలు లెక్కపెడుతోంది. విన్నది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. అరటిపళ్ళ బండి దగ్గరే ఆమెకు తెలిసిపోయిందని అప్పుడు నాకు అర్థమైంది. గంటసేపు అందరి తిట్లూ తిని, నా పేరు ఎత్తలేదు. "ఇరవై ఏడు. అందరున్నరు," అని వెళ్ళి కూర్చుంది. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు నోరు విప్పాల్సింది. విప్పలేదు. మర్నాడు విప్పాల్సింది, అప్పుడూ విప్పలేదు. తర్వాత రోజులు గడిచేకొద్దీ అది గొంతులో చేపముల్లులా కూర్చుండిపోయింది. ఊరంతా 'బస్సు లేటు' అనుకుంది, నేను సిగ్గు లేకుండా తల ఊపాను.

ఈ ఫిబ్రవరితో మోతీబాయి కాంట్రాక్టు ముగిసింది. పొడిగించాలా వద్దా అని అభిమానులంతా ఒక ఆదివారం పొద్దున గ్రౌండు మీద కూడాం. బయటి ఊళ్ళో కనీసం ఐదు మ్యాచులు చూసినవాళ్ళకే ఓటు. అలాంటివాళ్ళం అరవై నలుగురం తేలాం.

మా దగ్గర ఓటు మిర్చితో వేస్తారు. మొదట్లో చీటీలు పెడితే, ఎవరి రాత ఎవరిదో గుర్తుపట్టి నెల రోజులు కొట్టుకున్నారు. మిర్చికి చేతిరాత ఉండదు కదా. కావాలంటే ఎర్రకాయ, వద్దంటే తాలు కాయ. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ, మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. గుప్పిట్లో పట్టుకెళ్ళి మూతి సన్నటి కుండలో వేయాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి సంగతి మాట్లాడుతున్నామో ఆ మనిషి గోలుపోస్టుల మధ్య కూర్చోవాలి, అడిగితేనే మాట్లాడాలి. మోతీబాయి అక్కడ గోనెసంచి పరుచుకుని కూర్చుంది. ఖాళీగా కూర్చోవడం చేతకాదు కాబట్టి, కల్లంలోంచి ఒక గంప లాక్కుని ఎర్రకాయ ఒకవైపు, తాలు ఒకవైపు ఏరుతోంది. తన ఓట్లు తనే ఏరుతోందని ఎవరో అంటే అందరం నవ్వాం. భీమ్లా కూడా నవ్వాడు, లేక ఆవులించాడు.

యుగేందర్ ముందుగా లేచాడు. బయ్యారంలో సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. రాత్రంతా ఫోనులో విదేశాల క్లబ్బుల ఆటలు చూస్తాడు, పొద్దంతా వాటి గురించి చెబుతాడు. మంచివాడే, కాటారం కప్పు అతని కడుపులో ఇంకా అరగలేదు అంతే.

"నాకు అక్క మీద కోపం లేదు," అన్నాడు. "గని బయటి దేశాలల్ల ఒక్క కప్పు పోతే చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను తెల్లారి పంపిస్తరు. మనం ఏడాది సంది చూసినం. గా దినం బస్సు గంట లేటొచ్చింది. గంట! ఒక్క ఫోన్ కొడితే తెలుస్తుండె. ఆట ఆడుకొని, కప్పు చేత పట్టుకొని, చాయ్ తాగి బస్సు ఎక్కుతుంటిమి. ఫోన్ కొట్టనోళ్ళకు గింత పెద్ద పదవెందుకు? మన క్లబ్బుల ఉన్న శ్రావణ్‌కు సొంత వ్యాన్ ఉన్నది. ఆయన్ను పెడితే ఇగ బస్సు కోసం పరేషానే ఉండది."

చాలామంది తలలు ఊపారు. అతను అన్నదాంట్లో న్యాయం ఉంది, అదే నన్ను తినేస్తోంది.

హరిలాల్ కాంట్రాక్టు తీసి, ఏడో షరతు గట్టిగా చదివాడు. ఇల్లు చేర్చవలెను అన్న చోట ఒక తల్లి లేచింది. "మేమే రాయించినం. రాయించింది రాయించినట్టు చేసింది. జనగామల దోమలకు పిల్లలను ఇడిచిపెట్టినోడు మంచోడా, తోలుకొచ్చినామె మంచిదా?"

"తోలుకరావద్దని ఎవలన్నరమ్మా? టైం తెలుసుకోవాలె అంటున్న," అన్నాడు యుగేందర్.

మా చిలుకమ్మ ఊరుకుంటుందా? "నీ దుకాణంల ఫోన్ బాగుచేయమని ఇస్తే పది దినాలకిస్తవ్. నువ్వు టైం ముచ్చట చెప్పబట్టె," అంది. గ్రౌండంతా ఘొల్లుమంది. యుగేందర్ కూడా నవ్వాడు గానీ తన మాట వెనక్కి తీసుకోలేదు. అలా గంటసేపు సాగింది. నా చుట్టూ ఉన్నవాళ్ళ గుప్పిళ్ళు చూశాను. కండక్టరు చేసినవాడికి గుప్పిట్లో ఏముందో బయటినుంచే తెలుస్తుంది. తాలు కాయలు చాలా కనిపించాయి. ఆమె పదవి పోతోందని తెలిసిపోయింది.

అప్పుడు దినేశ్ లేచాడు. ఆ గోలు కొట్టినవాడు కదా, అందరూ అతని వైపు తిరిగారు.

"అత్తా, నిన్ను ఒక్కటే అడుగుత. ఆరు పదికి బస్సని నీకు ఎవలు చెప్పిన్రు?"

మోతీబాయి చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"ఎవలు చెప్తే ఏంది బిడ్డా? మిమ్ములను గ్రౌండుల నుంచి లేపుకపోయింది నేను. తప్పు నాదే. కానియ్యిండ్రి, ఎండ ముదురుతున్నది," అని మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

నేను లేచాను. రన్నింగ్ బస్సులో కొట్లాటలు ఆపినవాణ్ణి, అరవై నలుగురి ముందు ఒక్క మాట చెప్పడానికి నా నాలుక మడత పడింది.

"నేను చెప్పిన," అన్నాను.

"ఏం చెప్పినవ్?" అన్నాడు యుగేందర్.

"ఆరూ పది అని. బస్సు లేటు కాలే. టైం మారింది, నాకు ఎర్కలే. ఆమెకు గా దినమే ఎర్కైంది. నాకు బస్సు ఎక్కినంక ఎర్కైంది. ఏడాది సంది ఆమె మీద పడుతుంటే సప్పుడు చేయక కూసున్న. పంపిస్తే నన్ను పంపియ్యిండ్రి."

కల్లం వైపు నుంచి గాలి వచ్చి ఇద్దరు తుమ్మారు. తర్వాత మా చిలుకమ్మ గొంతు వినబడింది.

"నాకు ఎప్పటి సందో అనుమానమే. ఇంట్ల ఆఖరి బస్సు మాట ఎత్తితే సగం అన్నంల లేచిపోతున్నడు."

దాంతో నవ్వులు మొదలయ్యాయి. కోపగించుకున్నవాళ్ళూ లేకపోలేదు. దినేశ్ నాతో ఆ రోజంతా మాట్లాడలేదు, అతని గోలు అది, నేను తప్పుపట్టను. యుగేందర్ మాత్రం నెత్తి పట్టుకుని, "ఏడాది మొత్తం నేను తప్పు లేని మనిషిని తిట్టిన్నా?" అని కూర్చుండిపోయాడు. నా చుట్టూ గుప్పిళ్ళు విచ్చుకుంటున్నాయి. ఒకరి వెనక ఒకరు గోలుపోస్టుల దగ్గరికి వెళ్ళి, చేతిలోని తాలు కాయ మోతీబాయి కుప్పలో పడేసి, ఎర్రకాయ తీసుకుంటున్నారు. రహస్య ఓటన్నది ఏమైందో మరి, హరిలాల్ అరిచినా ఎవరూ వినలేదు.

కుండ బోర్లించి లెక్కపెట్టారు. అరవై మూడు ఎర్రవి. ఒకటి తాలు.

అందరూ యుగేందర్ వైపు చూశారు. అతను రెండు చేతులూ ఎత్తి, పిల్లల మీద ఒట్టేసి ఎర్రదే వేశానన్నాడు. నన్ను చూశారు. నేనెందుకు వేస్తాను?

"అది నాది," అంది మోతీబాయి. అన్ని మ్యాచులూ చూసింది కదా, ఆమెకూ ఓటుంది.

"నీకు నువ్వే వద్దని ఏసుకున్నవా?" అన్నాడు హరిలాల్.

"మరి? చేను కాడికి పోయేటప్పుడు రైతును రెండుసార్లు అడుగుత, ఏ కాయ ఏరాలె, ఎన్ని సాళ్ళు అని. గా దినం ఒక్కసారే అడిగిన. యుగేందర్ తమ్ముడు అన్నదాంట్ల తప్పేమున్నది?" అంటూ లేచి చీర దులుపుకుంది.

కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళకు రాశారు. యుగేందర్ తనకు తానే లేచి, చెప్పులు రెండు జతలు కాదు, మూడు జతలు అని రాయించాడు. అది సరే. ఇంకోటి కూడా రాయించాడు. ఎనిమిదో షరతు: బస్సుల టైము సోమనర్సయ్యను అడగరాదు. జనం చప్పట్లు కొట్టారు. మా ఆవిడ అందరికన్నా గట్టిగా కొట్టింది. సాక్షి సంతకానికి కాగితం నా ముందుకే తెచ్చారు. పెట్టాను. నవ్వుతూనే పెట్టాను గానీ, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నాకున్నది ఆ ఒక్క విద్యే. దాన్ని స్టాంపు కాగితం మీద కొట్టేశారు.

పోయిన ఆదివారం జనగామలో మ్యాచ్. పొద్దున ఆరింటికే అందరం బయ్యారం స్టాండులో ఉన్నాం. సద్ది గిన్నెలు, జెర్సీల సంచులు, మధ్యలో మా చీఫ్ ఎగ్జిక్యూటివ్ కొత్త చెప్పులతో. నేను ఒక మూలన నిలబడ్డాను. ఎప్పుడూ బస్సు దగ్గర ముందుండేవాణ్ణి, ఆ రోజు ముందుకు పోబుద్ధి కాలేదు. మోతీబాయి జనాన్ని తప్పించుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"కండక్టరన్నా, జనగామల మనం తిరిగి ఎక్కే ఆఖరి బస్సు ఎన్నిటికి?"

స్టాండంతా మావైపు తిరిగింది. యుగేందర్ నోరు తెరిచాడు. "అక్కా, ఎనిమిదో షరతు..."

"నువ్వు ఊకో జర. నేను ఎవల్ని అడగాలెనో నాకు ఎర్క," అంది. నా మొహంలోకే చూస్తోంది.

నాకు ఆ టైము తెలుసు. నాలుక మీదే ఉంది. కానీ చెప్పలేదు. ఫోను తీసి జనగామ డిపోకు కొట్టి, అడిగాను. పెట్టేసి, మహబూబాబాద్ డిపోకు కొట్టి మళ్ళీ అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు.

"ఏడూ ఇరవై, చెల్లె. రెండుసార్లు అడిగిన," అన్నాను.

"గట్లనే అడగాలె," అని నా భుజం మీద గట్టిగా ఒకటి తట్టింది. "ఏక్." తర్వాత పక్కనున్న యుగేందర్ భుజం తట్టింది. "దీ." అలా తడుతూ బస్సు ఎక్కించింది. ఆ రోజు మేము మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం, అందరం ఏడూ ఇరవై బస్సుకే ఇంటికొచ్చాం.